పాత బండికి జంట బ్రేకు
మాస్టరు సిలిండరు మార్పును గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

ఎద్దులబండి తోలువాడు పగ్గములు బిగించిన యెడల ఎద్దులు తమంతట తామే అడుగు తగ్గించును. వాగు ఎదురైనచో చెప్పకయే నిలుచును. మోటారు బండికి అట్టి తెలివి లేదు. తోలువాని పాదమునకును, చక్రములకును నడుమనున్న ఇనుప భాగములు, రబ్బరు భాగములు, గొట్టములు, నూనె తమ పని తాము చేసిననే అది ఆగును. ఆ వరుసలో మొదట నిలుచునది మాస్టరు సిలిండరు. అది చెడినచో మిగిలినవన్నియు ఎంత బాగుగా ఉన్నను ప్రయోజనము లేదు.

మన గ్రామములలో పాత జీపులు, పాత పికప్పు బండ్లు నేటికిని తిరుగుచునే యున్నవి. సంతకు సరకు చేర్చుటకు, తిరునాళ్లకు సామగ్రి తోలుటకు, అవసరము వచ్చినపుడు రోగిని పట్టణమునకు చేర్చుటకు ఇవి పనికివచ్చుచున్నవి. పంచాయతీ అప్పుడప్పుడు ఇట్టి బండ్లను కిరాయికి తీసికొనును. సొంత బండి యున్నచో మరమ్మతు బిల్లు సభ్యుల ముందుకు వచ్చును. ఆ బిల్లుపై "బ్రేకు పని" అను రెండు మాటలు మాత్రమే యుండుట కలదు. ఆ రెండు మాటల వెనుక ఏమి జరిగినదో, ఏమి జరుగలేదో అడిగి తెలిసికొనుటకు సభ్యులకు విషయజ్ఞానము అవసరము. దానికొరకే ఈ వ్యాసము.

అమెరికా దేశపు పాత పికప్పు

ఈ మార్పును వివరించుటకు అమెరికా దేశమున అత్యధికముగా వాడుకలోనుండిన చెవ్రొలెట్ పికప్పును ఉదాహరణముగా తీసికొందము. 1947వ సంవత్సరమున వెలువడి 1955వ సంవత్సరపు తొలి నెలల వరకు తయారైన ఆ నమూనాలో అర టన్ను బండికి 3100 అని పేరు. ఆ దేశపు రైతులు ధాన్యము, గడ్డి, పాల బిందెలు, పనిముట్లు దానిలో తోలుకొనెడివారు. ఈనాడు అట్టి బండ్లను అక్కడివారు ముచ్చటపడి బాగుచేసికొని నడుపుచున్నారు. ఇంజను బాగు చేయుట, రంగు వేయుట పిమ్మట వారు ముందుగా తలపెట్టు పనులలో బ్రేకు మాస్టరు సిలిండరును మార్చుట ఒకటి.

ఆ పికప్పులో మాస్టరు సిలిండరు తోలువాని పాదముల క్రింద, నేలపలకకు దిగువన, ఛాసిస్ దూలమును ఆనుకొని యుండును. దానిలో నూనె చూడవలెనన్నచో నేలపైనున్న చాపను తొలగించి, చిన్న మూతపలకను విప్పవలెను. కంటికి కనబడని చోట ఉండుటచే నూనె తగ్గిన సంగతి చాలామంది గమనింపరు. రోడ్డు మీది బురద, నీరు, దుమ్ము దానిపై పడుచుండును. మూత తీయునపుడు ఆ మురికి లోపలికి జారు ప్రమాదమును కలదు.

ఈ అమరిక మన దేశమునకు క్రొత్త కాదు. 1952 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైన సమాజ వికాస ప్రణాళిక కాలమున బ్లాకు కార్యాలయముల ముందు నిలిచిన జీపులు మన పెద్దలకు గుర్తే. విల్లీస్ నమూనాననుసరించి మన దేశమున తయారైన ఆ పాత జీపులలో సైతము మాస్టరు సిలిండరు నేలపలక క్రిందనే, ఒక్క గదితోనే యుండెడిది. కావున చెవ్రొలెట్ పికప్పును గూర్చి చెప్పునది చాలవరకు పాత జీపునకును వర్తించును.

నూనె బ్రేకు పనిచేయు విధము

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ 17వ శతాబ్దమున ఒక సూత్రమును నిరూపించెను. మూసియున్న పాత్రలోని ద్రవమును ఒక చోట ఒత్తినచో ఆ ఒత్తిడి అన్ని వైపులకును సమానముగా వ్యాపించును అనునదే ఆ సూత్రము. నూనె బ్రేకు దీనిపైననే ఆధారపడి యున్నది.

తోలువాడు పెడలు తొక్కును. పెడలు ఒక తులాదండము వంటిది. బూస్టరు లేని పాత బండ్లలో అది పాదపు బలమును సుమారు 6 రెట్లు పెంచి ఒక ఊచ ద్వారా మాస్టరు సిలిండరులోని పిస్టనును నెట్టును. పిస్టను ముందున్న నూనె గొట్టముల గుండ నాలుగు చక్రములకును ఒత్తిడిని చేర్చును. చక్రము వద్దనున్న చిన్న సిలిండరులోని పిస్టన్లు విచ్చుకొని బ్రేకు షూలను డ్రమ్మునకు ఒత్తును. ఆ రాపిడివలన బండి నిలుచును.

దీనిని లెక్కతో చూతము. పాదము 40 కిలోల బలముతో తొక్కినదనుకొనుడు. 6 రెట్లు పెరిగి పిస్టను మీద 240 కిలోలు పడును. మాస్టరు సిలిండరు రంధ్రము 1 అంగుళము వ్యాసము కలదైనచో దాని వైశాల్యము సుమారు 5.07 చదరపు సెంటీమీటర్లు. కావున నూనెలో చదరపు సెంటీమీటరునకు సుమారు 47 కిలోల ఒత్తిడి కలుగును. చక్రపు సిలిండరు వ్యాసమును 1 అంగుళమే యైనచో ఒక్కొక్క షూ మీద మరల 240 కిలోల బలము పడును. నాలుగు చక్రములకు ఎనిమిది షూలు. చిన్న సైకిలు పంపువంటి వస్తువు బరువైన బండిని నిలుపుటలోని రహస్యము ఇదియే.

ఒక్క కాలువ, ఒక్క గండి

పాత పద్ధతిలో మాస్టరు సిలిండరునకు ఒకే పిస్టను, ఒకే గది, ఒకే నూనె తొట్టి. అందుండి బయలుదేరిన ఒక్క గొట్టమే శాఖలై నాలుగు చక్రములకును పోవును. ఇందలి లోపమును గ్రహించుటకు రైతునకు వేరు ఉదాహరణము అక్కరలేదు. చెరువు నుండి ఊరి ఆయకట్టునకంతకు ఒకే కాలువ యున్నచో, తూము దాటిన చోట ఒక్క గండి పడిన చాలును. చివరి మడియే కాదు, మొదటి మడియును ఎండును. విజయవాడ వద్ద కృష్ణ నీటిని తూర్పు ప్రధాన కాలువ, పశ్చిమ ప్రధాన కాలువ వేరువేరుగా తీసికొనిపోవుచున్నవి. ఒకదానికి గండి పడినను రెండవ గట్టు పొలములకు నీరు ఆగదు.

ఒంటిగది బ్రేకునకు మొదటి చెరువు గతియే. ముందు చక్రము వద్దనున్న రబ్బరు గొట్టము పగిలినను, వెనుక ఇరుసు వెంబడి పోవు ఇనుప గొట్టము త్రుప్పుపట్టి చిల్లిపడినను, ఒక చక్రపు సిలిండరులోని రబ్బరు కప్పు చిరిగినను, నూనె ఆ దారినే పోవును. ద్రవము తప్పించుకొను దారి యున్నంతవరకు ఒత్తిడి నిలువదు. పెడలు ఒక్కసారిగా నేలకు తగులును. నాలుగు చక్రములలో ఒక్కటియు పట్టదు. చేతిబ్రేకు మాత్రమే మిగులును. అది నిలిపిన బండి కదలకుండుటకు ఏర్పడినది. నిండు బరువుతో పల్లమున దిగుచున్న బండిని ఆపుటకు దానిపై భరవసా ఉంచరాదు.

వేగము రెండింతలైన ఆగుటకు వలయు దూరము నాలుగింతలగునను సంగతి ఇచ్చట జ్ఞాపకముంచుకొనవలెను. గంటకు 30 కిలోమీటర్ల వేగమున సరిపోయిన అరకొర బ్రేకు 60 కిలోమీటర్ల వేగమున ప్రాణాంతకమగును.

జంట సిలిండరు వచ్చిన చరిత్ర

నూనె బ్రేకులను నాలుగు చక్రములకును అమర్చిన కార్లు అమెరికాలో 1920 దశకపు ప్రారంభమున వచ్చినవి. చెవ్రొలెట్ సంస్థ 1936వ సంవత్సరపు నమూనాలలోను, ఫోర్డు సంస్థ 1939వ సంవత్సరపు నమూనాలలోను వీనిని ప్రవేశపెట్టినవి. అయినను చాలాకాలము ఒంటిగది సిలిండరే కొనసాగినది. 1962వ సంవత్సరపు నమూనాలలో కాడిలాక్ కార్లకు జంట సిలిండరు వచ్చినది. 1966వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వము వాహన భద్రతా చట్టమును చేసినది. ఆ చట్టము క్రింద వెలువడిన 105వ ప్రమాణము ప్రకారము 1968 జనవరి 1 నుండి క్రొత్త కార్ల బ్రేకులు రెండు భాగములుగా విడివడి యుండవలెను. గడువునకు ముందే, 1967వ సంవత్సరపు నమూనాలతో, చెవ్రొలెట్ పికప్పులకును జంట సిలిండరు వచ్చినది. కావున 1966 వరకు తయారైన ఆ పికప్పు ఏదైనను, ఎవరును మార్చియుండనిచో, ఒంటిగది బండియే యని తెలియవలెను.

జంట సిలిండరు లోపల

జంట సిలిండరు పొడవైన ఒకే గొట్టము. దానిలో ఒకదాని ముందొకటిగా రెండు పిస్టన్లు ఉండును. ఒక్కొక్క పిస్టను ముందు ఒక్కొక్క గది, గది గదికి వేరు నూనె తొట్టి, వేరు గొట్టము. పికప్పులలో ఒక గది ముందు చక్రములకును, రెండవది వెనుక చక్రములకును చేరును.

పెడలు తొక్కగా ఊచ మొదటి పిస్టనును నెట్టును. రెండు పిస్టన్ల నడుమనున్న నూనె ఒత్తిడికి లోనై రెండవ పిస్టనును నెట్టును. రెండు గదులలోను ఒత్తిడి సమానముగా పెరుగును. మొదటి గది గొట్టము తెగినదనుకొనుడు. అచ్చట ఒత్తిడి నిలువదు. కాని మొదటి పిస్టను ముందుకు సాగి రెండవ పిస్టనును నేరుగా తాకి నెట్టును. రెండవ గది పనిచేయును. రెండవ గది గొట్టమే తెగినచో, ఆ పిస్టను సిలిండరు కొసను తాకి ఆగిపోవును. పిమ్మట మొదటి గదిలో ఒత్తిడి పుట్టును. ఏది తెగినను పెడలు మామూలుకంటె చాల లోతునకు దిగును, బండి ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. కాని ఆగును. తోలువాడు పెడలు లోతునకు దిగినంతనే హెచ్చరికగా భావించి, బండిని అంచున నిలిపి, మరమ్మతు అయినదాక కదలింపకుండవలెను.

పెద్దది మేలైనదా?

సిలిండరు మార్చునపుడు కొందరు "పెద్ద సైజు వేయుడు, బ్రేకు గట్టిగా పట్టును" అందురు. లెక్క చూచినచో సంగతి తారుమారుగా కనబడును. పిస్టను మీద పడు బలము అదే 240 కిలోలు. రంధ్రము ఏడెనిమిదవ వంతుల అంగుళము, అనగా 7/8 అంగుళము ఐనచో ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు 62 కిలోలు. 1 అంగుళమైనచో 47 కిలోలు. 1 1/8 అంగుళమైనచో 37 కిలోలు మాత్రమే. రంధ్రము పెరిగిన కొలది ఒత్తిడి తగ్గును, పెడలు బిగువుగా నుండును.

చిన్నదే వేయుదమన్నచో వేరొక చిక్కు గలదు. పిస్టను 25 మిల్లీమీటర్లు కదలినపుడు 7/8 అంగుళపు సిలిండరు 9.7 ఘనసెంటీమీటర్ల నూనెను మాత్రమే పంపును. 1 అంగుళపుది 12.7, 1 1/8 అంగుళపుది 16 ఘనసెంటీమీటర్లు పంపును. చక్రముల వద్ద వలసినంత నూనె చేరకమునుపే పెడలు నేలకు తగులును. పైగా డిస్కు బ్రేకులకు డ్రమ్ము బ్రేకులకంటె ఎక్కువ నూనె కావలెను. కావున చక్రముల వద్దనున్న సిలిండర్లను, పెడలు రెట్టింపును, బూస్టరు ఉండుట లేకుండుటను చూచి మాస్టరు సిలిండరు సైజును నిర్ణయింపవలెను. దుకాణమున దొరికినది తెచ్చి బిగించుట తగదు.

డ్రమ్ము, డిస్కు భేదము

డ్రమ్ము బ్రేకులు గల పాత మాస్టరు సిలిండరు కొసన ఒక చిన్న కవాటము ఉండును. పెడలు వదలిన పిమ్మటకూడ గొట్టములో చదరపు సెంటీమీటరునకు సుమారు 0.7 కిలోల ఒత్తిడిని అది నిలిపియుంచును. దానివలన చక్రపు సిలిండర్ల రబ్బరు కప్పులు విచ్చుకొనియుండి లోనికి గాలి చొరదు. ముందు చక్రములకు డిస్కులు పెట్టినపుడు ఇదే కవాటము ఉండిపోయినచో, బ్రేకు ఎల్లపుడును ఒరసికొనుచు వేడెక్కును.

అయితే మాస్టరు సిలిండరు నేల క్రింద, డిస్కు కాలిపరు కంటె దిగువన ఉన్న బండిలో కవాటము బొత్తిగా లేకున్నచో నూనె మెల్లగా వెనుకకు జారి తొట్టిలో చేరును. మరునాడు మొదటిసారి తొక్కినపుడు పెడలు వట్టిదై దిగును. దీనికొరకు డిస్కుల దారిలో సుమారు 0.14 కిలోల ఒత్తిడిని మాత్రమే నిలుపు వేరు కవాటమును అమర్తురు. బండిని ఆపునపుడు బరువు ముందుకు వాలును. వెనుక చక్రములు తేలికపడి ముందుగా బిగిసికొని జారగలవు. అందుచే ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు గల బండిలో వెనుకకు పోవు ఒత్తిడిని తగిన పాళ్లలో తగ్గించు కవాటము కూడ అవసరము.

పని జరుగవలసిన క్రమము

మొదట బండిని సమతలమున నిలిపి, చక్రములకు ఆనికలు పెట్టి, పాత సిలిండరును విప్పుదురు. జంట సిలిండరు పాతదానికంటె పొడవు. కావున ఛాసిస్ దూలమునకు గట్టి బ్రాకెట్టు కావలెను. పొగగొట్టమునకు దగ్గరగా నూనె తొట్టి రాకుండ చూడవలెను. బ్రాకెట్టు వంగినచో పాదపు బలము ఇనుమును వంచుటకే ఖర్చగును.

తరువాత గొట్టములు. ఇచ్చటనే మోసము గాని, అజ్ఞానము గాని జరుగుటకు ఎక్కువ అవకాశము కలదు. జంట సిలిండరు బిగించి, దాని రెండు గొట్టములను పాత కూడలి వద్ద మరల ఒకటిగా కలిపినచో, పెట్టిన సొమ్ము వృథా. రెండు తూములు కట్టి రెండు కాలువలను ఒకే కాలువలో కలిపినట్లే. ముందు చక్రముల దారి, వెనుక చక్రముల దారి మొదటినుండి చివరివరకు వేరుగా ఉండవలెను. గొట్టములు బ్రేకులకై చేసిన ఉక్కువై, కొసలు రెండు మడతలుగా విచ్చినవై యుండవలెను. సాధారణపు రాగి గొట్టము అదరుటచే గట్టిపడి చీలును, దానిని వాడరాదు.

పిమ్మట ఊచ సర్దుబాటు. పెడలు వదలినపుడు ఊచకును పిస్టనుకును నడుమ సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు ఎడము ఉండవలెను. 6 రెట్ల పెడలు వద్ద అది సుమారు 9 మిల్లీమీటర్ల ఊరక కదలికగా తెలియును. సిలిండరులో ఒక సన్నని రంధ్రము ఉన్నది. వేడికి వ్యాకోచించిన నూనె దానిగుండ తొట్టిలోనికి తిరిగిపోవును. ఎడము లేనిచో పిస్టను కప్పు ఆ రంధ్రమును మూసివేయును. నూనె పోవుటకు దారిలేక బ్రేకులు తమంతట తామే బిగిసికొనును.

పాత బండ్లలో వెనుక ఎర్రదీపము వెలిగించు స్విచ్చు నూనె ఒత్తిడితోనే పనిచేయును. జంట పద్ధతికి మారిన పిమ్మట ఆ స్విచ్చు ఒక దారిలోనే యుండును. ఆ దారి చెడినచో దీపము వెలుగదు, వెనుక వచ్చువానికి హెచ్చరిక అందదు. అందుచే పెడలునకే స్విచ్చు అమర్చుట మంచిది.

చివరకు గాలి తీయుట. ద్రవము కుదింపునకు లొంగదు, గాలి లొంగును. గొట్టములో గాలిబుడగ నిలిచినచో పెడలు మెత్తగా, స్పంజివలె దిగును. క్రొత్త సిలిండరును బండికి బిగింపకమునుపే బల్లమీద పెట్టి దానిలోని గాలిని తీయవలెను. బిగించిన పిమ్మట ముందుగా షూలను సర్ది, మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరముననున్న చక్రముతో మొదలిడి దగ్గరి చక్రము వరకు గాలి తీయవలెను. ఈ పని ముగియువరకు తొట్టి ఎండిపోకుండ నూనె పోయుచుండవలెను.

బ్రేకు నూనె విషయమున జాగ్రత్త

ఇంజను నూనె, కిరోసిన్, డీజిలు, పెట్రోలు ఒక్క చుక్కయైనను బ్రేకు తొట్టిలో పడరాదు. అవి రబ్బరు కప్పులను ఉబ్బించి పాడుచేయును. గిన్నె కడుగుటకు సైతము వానిని వాడరాదు. డబ్బాపై డాట్ 3, డాట్ 4 అని వ్రాసియుండు నూనె బ్రేకులకై చేసినది. డాట్ 3 నూనె క్రొత్తగా ఉన్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వద్దగాని మరుగదు. గాలిలోని తేమను పీల్చిన పిమ్మట 140 డిగ్రీల వద్దనే మరుగవచ్చును. డాట్ 4 నూనెకు ఈ అంకెలు 230, 155. మరిగినచో ఆవిరి బుడగలు పుట్టి గాలి చేరినట్లే యగును. పాడేరు, మారేడుమిల్లి దారులవంటి ఘాటు రోడ్లలో దిగునపుడు పదేపదే బ్రేకు తొక్కినచో ఈ అపాయము కలుగును. కావున తయారీదారు వేరుగా చెప్పనిచో రెండేండ్లకొకసారి నూనె మార్చవలెను. దిగుడులో తక్కువ గేరు వాడవలెను. సిలికోనుతో చేసిన డాట్ 5 నూనెను తక్కినవానితో కలుపరాదు.

ఈ మార్పు చేయలేనిది

జంట సిలిండరు వేసినంత మాత్రమున బ్రేకు శక్తి పెరుగదు. అరిగిన లైనింగు అరిగినదే, పగిలిన రబ్బరు గొట్టము పగిలినదే. ఒక దారి తెగినపుడు రెండవది నిలుచుటయే దీని వలని లాభము. రెండవ దారి కూడ శిథిలమైయున్నచో ఆ లాభము దక్కదు. కనుక సిలిండరు మార్చునపుడే నాలుగు చక్రములను విప్పించి చక్రపు సిలిండర్లను, షూలను, గొట్టములను చూపించవలెను. చేతిబ్రేకును బాగుచేయించవలెను.

మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ విభాగము వాహనములలో చేయు మార్పులను గూర్చినది. 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహన నియమములలో 96వది బ్రేకులను గూర్చినది. పెద్ద మార్పు తలపెట్టువారు ముందుగా రవాణా శాఖ అధికారులను సంప్రదించుట ఉచితము. బ్రేకు ఎంత బాగున్నను సరకు బండిలో జనమును ఎక్కించుట తగదని గ్రామస్థులకు సభ్యులు నచ్చజెప్పవలెను.

సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

కిరాయికి పిలుచునపుడు గాని, బిల్లు ఆమోదించునపుడు గాని సభ్యులు ఈ ప్రశ్నలు అడుగవచ్చును.

1. బండికి ఒంటిగది సిలిండరా, జంట సిలిండరా? జంటదైనచో ముందు, వెనుక దారులు చివరివరకు వేరుగా ఉన్నవా?

2. ఏ సైజు సిలిండరు వేసితిరి? ఏ కారణముచే ఆ సైజును ఎన్నుకొంటిరి?

3. చక్రముల సిలిండర్లు, రబ్బరు గొట్టములు చూచితిరా? మార్చిన పాత భాగములను చూపగలరా?

4. ఏ నూనె పోసితిరి? ఎప్పుడు పోసితిరి?

5. పెడలును గట్టిగా తొక్కి అరనిమిషము పట్టియుంచినచో అది దిగుచున్నదా? దిగుచున్నచో నూనె ఎక్కడనో తప్పించుకొనుచున్నదని అర్థము.

6. తొక్కినపుడు వెనుక ఎర్రదీపము వెలుగుచున్నదా? చేతిబ్రేకు వాలున బండిని నిలుపుచున్నదా?

ఈ ఆరు ప్రశ్నలకు పట్టు సమయము పావుగంట. అయిదవదానికి, ఆరవదానికి పనిముట్లు కూడ అక్కరలేదు. సభ్యుడు స్వయముగా పరీక్షింపవచ్చును. బాగుగా పనిచేసిన మెకానిక్కు వీనికి సంతోషముతో బదులు చెప్పును. పాత కప్పులను, పగిలిన గొట్టమును తెచ్చి చూపును.

గ్రామమున వీధిదీపము వెలుగనిచో అందరికి తెలియును. బావి గిలక విరిగినచో అందరు అడుగుదురు. బ్రేకు గొట్టము పగులనున్న సంగతి మాత్రము పగులువరకు ఎవరికిని కనబడదు. కనుకనే దానిని అడిగి, విప్పించి, చూడవలసి యున్నది. పంచాయతీ పిలిచిన బండిలో ఎక్కువారు పంచాయతీ మాటను నమ్మి ఎక్కుదురు. ఆ నమ్మకమునకు తగిన జాగ్రత్త వహించుట సభ్యుల ధర్మము.